పుట్టు వెంట్రుకలు, ఏడవ రోజు: ఒక సున్నత్ చరిత్ర

సకల స్తోత్రాలు అల్లాహ్‌కే. తల్లి గర్భపు చీకటిలో మనకు రూపమిచ్చి, తలపై మెత్తని వెంట్రుకలతో సహా ఈ లోకానికి పంపినవాడు ఆయనే. పసిపిల్లలను భుజాన మోసి, ముద్దాడి, వారి కోసం ప్రార్థించిన దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పైన, ఆయన కుటుంబీకులపైన, సహచరులపైన శాంతి శుభాలు వర్షించుగాక!



ఈ వారం మనం పరిశీలించబోయే విషయం చూడటానికి చిన్నది. బిడ్డ పుట్టు వెంట్రుకలు ఎప్పుడు తీయించాలి? కొడకండ్లలోనూ, చుట్టుపక్కల పాలకుర్తి, దేవరుప్పుల, తొర్రూరు, తిరుమలగిరి ప్రాంతాల పల్లెల్లోనూ ముస్లిం ఇంట బిడ్డ పుట్టినప్పుడు ఈ ప్రశ్నకు పలు రకాల జవాబులు వినిపిస్తాయి. ఏడవ రోజున తీయించాలని ఒకరంటారు. నలభై రోజుల చిల్లా స్నానం అయ్యాక చూద్దామని మరొకరంటారు. ఫలానా దర్గాకు మొక్కుకున్నాం గనుక అక్కడికి వెళ్ళేదాకా మంగలి కత్తి తగలరాదని ఇంకొకరంటారు. నాలుగవ జవాబును ఎవరూ పైకి చెప్పరు. అది: మేకలు కొనే స్తోమత వచ్చేదాకా.

ఈ నాలుగవ జవాబు మన ఇళ్ళలో ఎంత బరువు మోపుతున్నదో మనకు తెలుసు. ఏడవ రోజు గడిచిపోతుంది. ఏడాది గడిచిపోతుంది. బిడ్డకు జ్వరం వచ్చినప్పుడల్లా, వెంట్రుకలు తీయించనందువల్లనే వచ్చిందేమోనని తల్లి లోలోపల కుమిలిపోతుంది. నలుగురిలో మాట పడలేక తండ్రి వడ్డీకి అప్పు తెచ్చి విందు చేస్తాడు. ఒక దయాపూరితమైన సున్నత్ ఇలా భయంగా, భారంగా ఎందుకు మారింది? దానికి సమాధానం చరిత్రలో దొరుకుతుంది. కాబట్టి మేము ఈ వ్యాసంలో ఆ చరిత్రను మొదటి నుంచి మీ ముందుంచుతున్నాము.

అజ్ఞాన కాలంలో

అఖీఖా అనగానే మనకు జంతు బలి, విందు గుర్తుకు వస్తాయి. అయితే అరబీ భాషాశాస్త్రంలో ప్రామాణికుడైన అస్మయీ చెప్పిన దాని ప్రకారం ఈ పదానికి మూలార్థం వేరు. బిడ్డ తల్లి గర్భం నుంచి తలపై తెచ్చుకున్న వెంట్రుకలకే మొదట అఖీఖా అని పేరు. ఆ వెంట్రుకలు తీసే వేళ కోసే జంతువుకు తర్వాత అదే పేరు వచ్చిందని ఆయన వివరణ. ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్ (రహ్మ) దీనిని అంగీకరించలేదు. కోయడం అనే అర్థం గల ధాతువు నుంచే ఈ మాట వచ్చిందనీ, జబహ్‌కే ఆ పేరు చెల్లుతుందనీ ఆయన అభిప్రాయం. పండితుల చర్చ ఎలా ఉన్నా మనకు ఒక విషయం స్పష్టమవుతుంది. అస్మయీ చెప్పిన అర్థానికి సరిగ్గా సరిపోయే మాట మన తెలుగులోనే ఉన్నది. అదే పుట్టు వెంట్రుకలు.

ఇస్లాంకు పూర్వం అరబ్బులు ఈ సందర్భంలో ఏం చేసేవారో హజ్రత్ బురైదా (రజి) చెప్పిన విషయం అబూ దావూద్ గ్రంథంలో నమోదైంది. ఎవరికైనా మగబిడ్డ పుడితే మేకను కోసి, దాని రక్తాన్ని బిడ్డ తలకు పూసేవారట. ఇస్లాం వచ్చిన తర్వాత మేకను కోయడం నిలిచింది, తల గొరిగించడం నిలిచింది. రక్తం స్థానంలోకి మాత్రం కుంకుమపువ్వు వచ్చింది. రక్తానికి బదులు సుగంధ ద్రవ్యం పూయమని దైవప్రవక్త (స) ఆదేశించినట్లు హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖనం కూడా ఉన్నది.

ఈ మార్పును మనం నిదానంగా గమనించాలి. బిడ్డ పుట్టిన ఆనందాన్ని దైవప్రవక్త (స) కాదనలేదు. జంతువును కోసి పదిమందికి పెట్టడాన్ని కాదనలేదు. రక్తం బిడ్డను కాపాడుతుందన్న భ్రమను మాత్రం తొలగించారు. హజ్రత్ సల్మాన్ బిన్ ఆమిర్ (రజి) ఉల్లేఖనం బుఖారీలో ఉన్నది. బిడ్డ తరఫున జబహ్ చేయమనీ, బిడ్డ నుంచి బాధను తొలగించమనీ అందులో ఆదేశం. ఆ బాధ అంటే తలపైనున్న పుట్టు వెంట్రుకలేనని పలువురు వ్యాఖ్యాతలు వివరించారు. అంటే బిడ్డను శుభ్రపరచడం, బిడ్డకు హాయి కలిగించడం ఈ సున్నత్‌కు ఆయువుపట్టు.

మదీనాలో తూచిన వెండి

హిజ్రీ 3వ సంవత్సరం, అంటే క్రీ.శ. 625లో, రమజాన్ మాసంలో హజ్రత్ ఫాతిమా (రజి)కు హసన్ (రజి) జన్మించారు. మనుమడి తరఫున దైవప్రవక్త (స) అఖీఖా చేశారు. బిడ్డ తల గొరిగించి, ఆ వెంట్రుకల బరువుకు సమానమైన వెండిని దానం చేయమని కుమార్తెకు చెప్పారు. తూచి చూస్తే ఒక దిర్హమో, అందులో కొంత భాగమో తూగిందని హజ్రత్ అలీ (రజి) ఉల్లేఖనం. దీనిని నమోదు చేసిన ఇమామ్ తిర్మిజీ (రహ్మ), ఉల్లేఖకుల పరంపరలో ఒకచోట తెగింపు ఉన్నదని తామే సూచించారు. అయితే ఇదే విషయం ఇతర మార్గాల ద్వారా కూడా వచ్చింది. అబూ రాఫె (రజి) ఉల్లేఖనం ప్రకారం ఆ దానం నిరుపేదలకు చేరవలసింది. మస్జిదే నబవీ అరుగుపై తలదాచుకున్న బీద సహాబాలు వారిలో ఉన్నారని వ్యాఖ్యాతలు చెప్పారు.

ఇమామ్ మాలిక్ (రహ్మ) తమ మువత్తాలో మరొక విలువైన విషయం పొందుపరచారు. హజ్రత్ ఫాతిమా (రజి) హసన్, హుసైన్‌ల వెంట్రుకలే గాక తమ కుమార్తెలైన జైనబ్, ఉమ్మె కుల్సూమ్‌ల వెంట్రుకలను కూడా తూచి, అంత వెండిని దానం చేశారట. రక్తం పూసే పాత ఆచారం మగబిడ్డల కోసమే ఉండేదని బురైదా (రజి) మాటల వల్ల తెలుస్తున్నది. ఫాతిమా (రజి) ఇంట్లో మాత్రం కొడుకుల వెంట్రుకలకూ, కూతుళ్ళ వెంట్రుకలకూ ఒకే త్రాసు, ఒకే వెండి. ఆడబిడ్డ పుడితే ముఖం చిన్నబుచ్చుకునే ఇళ్ళు మన ఊళ్ళలో ఇంకా ఉన్నాయి. ఆ ఇళ్ళవారు ఈ త్రాసును తలచుకోవాలి.

ఒక దిర్హం అంటే సుమారు 3 గ్రాముల వెండి. దానిని ఈనాటి ధరకు లెక్కగట్టి చూడండి. ఒక మేక ఖరీదులో అది చిన్న భాగం మాత్రమే. ఏడవ రోజున వెంట్రుకలు తీయించే సున్నత్‌కు అయ్యే అసలు ఖర్చు ఇంతే.

గోత్రపు పిలకలు, అనాథల తలలు

వెంట్రుకల విషయంలో దైవప్రవక్త (స) ఆదేశాలు ఏడవ రోజుతో ఆగలేదు. తలలో కొంత భాగం గొరిగి, కొంత వదిలివేయడాన్ని అరబీలో ఖజా అంటారు. దానిని ఆయన (స) నిషేధించారని హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) ఉల్లేఖనం బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్నది. అలా సగం గొరిగిన పిల్లవాణ్ని చూసినప్పుడు, తీస్తే మొత్తం తీయమనీ, లేదా మొత్తం ఉంచమనీ ఆయన చెప్పారు. తల మొత్తం గొరిగించడం ధర్మసమ్మతమే, మొత్తం ఉంచుకోవడమూ ధర్మసమ్మతమే. ఏదో ఒక పేరు మీద ఒక పాయను వదిలిపెట్టడానికి మాత్రం తావు లేదు.

హిజ్రీ 8వ సంవత్సరంలో (క్రీ.శ. 629) మూతా యుద్ధంలో హజ్రత్ జాఫర్ బిన్ అబీ తాలిబ్ (రజి) అమరులయ్యారు. దైవప్రవక్త (స) ఆ కుటుంబానికి మూడు రోజులు దుఃఖించే వ్యవధి ఇచ్చారు. తర్వాత స్వయంగా వచ్చి, ఇక ఏడవవద్దని ఓదార్చి, తమ సోదరుని పిల్లలను తీసుకురమ్మన్నారు. రెక్కలు రాని కోడిపిల్లల్లా ఉన్న తమను ఆయన ఎదుటకు తెచ్చారని వారిలో ఒకరైన అబ్దుల్లాహ్ (రజి) తర్వాతి కాలంలో చెప్పుకున్నారు. దైవప్రవక్త (స) క్షురకుణ్ణి పిలిపించి ఆ పిల్లల తలలు గొరిగించారు. తండ్రిని కోల్పోయిన ఇంట్లో పిల్లల తలలు దువ్వేందుకు కూడా ఓపిక ఉండదని ఆయనకు తెలుసు. ఇది ఏడవ రోజు కాదు, అఖీఖా కాదు. అనాథల పట్ల పెద్దదిక్కు తీసుకున్న శ్రద్ధ ఇది. మన వీధిలో తండ్రి లేని పిల్లవాడు ఉంటే, పండుగకు ముందు అతణ్ణి క్షౌరానికి తీసుకువెళ్ళడం కూడా ఈ సున్నత్ నీడలో చేసే పుణ్యకార్యమే.

ధర్మవేత్తల మాట

ప్రతి శిశువూ తన అఖీఖాకు తాకట్టులో ఉంటాడనీ, ఏడవ రోజున జబహ్ చేసి, తల గొరిగించి, పేరు పెట్టాలనీ హజ్రత్ సమురా బిన్ జుందుబ్ (రజి) ఉల్లేఖించిన హదీసు తర్వాతి ధర్మవేత్తలందరి చర్చకూ ఆధారం. ఏడవ రోజున వీలుకాకపోతే పద్నాలుగవ రోజున, అప్పటికీ కుదరకపోతే ఇరవై ఒకటవ రోజున చేయవచ్చునని విద్వాంసులు చెప్పినట్లు ఇమామ్ తిర్మిజీ (రహ్మ) పేర్కొన్నారు. షాఫయీ, మాలికీ, హంబలీ పండితులు అఖీఖాను సున్నత్‌గా భావించారు. మన ప్రాంతంలో అత్యధికులు అనుసరించే హనఫీ సంప్రదాయంలో దానిని ముస్తహబ్ అన్నారు. చేస్తే పుణ్యం, స్తోమత లేక చేయలేకపోతే దోషం లేదు. ఆడబిడ్డ తల గొరిగించే విషయంలోనూ భేదాభిప్రాయం ఉన్నది. మాలికీ, షాఫయీ పండితులు మంచిదన్నారు. హంబలీ పండితులు మగబిడ్డకే పరిమితం చేశారు. తల గొరిగించని ఇళ్ళలో కూడా, వెంట్రుకల బరువును అంచనా వేసి ఆడబిడ్డ పేరున వెండి దానం చేయడానికి అడ్డు లేదు.

డమాస్కస్ నగరానికి చెందిన ఇమామ్ ఇబ్నుల్ ఖయ్యిమ్ (రహ్మ) నవజాత శిశువుల ధర్మాలపైనే ‘తుహ్ఫతుల్ మౌదూద్’ అనే గ్రంథం రచించారు. ఆయన క్రీ.శ. 1350లో మరణించారు. పేరు పెట్టడం, జబహ్, వెంట్రుకలు, ఖత్నా మొదలైనవన్నీ అందులో వేర్వేరు అధ్యాయాలుగా వస్తాయి. పెద్దల రచనలు చదివినప్పుడు మనకు అర్థమయ్యేదేమంటే, ఇవన్నీ ఒకే రోజున కలిసి వస్తే మేలు, కానీ ఒకటి ఆగిందని మిగిలినవాటిని ఆపవలసిన పని లేదు. మేక కొనలేని తండ్రి ఏడవ రోజున బిడ్డకు పేరు పెట్టవచ్చు, వెంట్రుకలు తీయించవచ్చు, మూడు గ్రాముల వెండి విలువను పేదకు ఇవ్వవచ్చు. జబహ్‌ను అల్లాహ్ స్తోమత ప్రసాదించిన రోజుకు వదిలిపెట్టవచ్చు.

తెలుగు నేలపై

ఇక మన నేలకు వద్దాం. ఇక్కడి ముస్లింల ఇళ్ళలో ఈ సున్నత్ ఏ రూపం ధరించిందో తెలిపే ఒక పాత గ్రంథం ఉన్నది. ఏలూరు ప్రాంతీయుడైన జాఫర్ షరీఫ్ దక్కనీ ముస్లింల ఆచారాలను పుట్టుక నుంచి మరణం దాకా వివరిస్తూ ‘ఖానూనె ఇస్లాం’ రచించారు. మద్రాసు ప్రభుత్వంలో వైద్యుడిగా పనిచేసిన హెర్క్‌లాట్స్ దానిని ఇంగ్లీషులోకి అనువదించగా 1832లో లండన్‌లో అచ్చయింది. 1921లో విలియం క్రూక్ దానిని సవరించి ఆక్స్‌ఫర్డ్ నుంచి మళ్ళీ ప్రచురింపజేశారు.

అందులో పుట్టు వెంట్రుకల ప్రస్తావన వివరంగా ఉన్నది. వెంట్రుకలకు సరితూగే వెండిని బీదలకు పంచడం అప్పటికి నిలిచే ఉన్నది. మదీనా త్రాసు పన్నెండు వందల ఏళ్ళు ప్రయాణించి మన తెలుగు ఇళ్ళకు చేరిందన్నమాట. దాని పక్కనే కొత్త హంగులు కూడా కనిపిస్తాయి. కలిగినవారు వెండి తొడుగు కత్తి, వెండి గిన్నె వాడేవారు. కొందరు వలీల పేరిట ఒకటి రెండు పాయలు గొరగకుండా వదిలి, వాటికి ఏ మైల తగలకుండా కాపాడేవారు. మొక్కుకున్నవారు నాలుగైదేళ్ళ వయసు దాకా వెంట్రుకలు ముట్టకుండా ఉంచి, దర్గాకు వెళ్ళి తీయించేవారు. దూరం వెళ్ళే తాహతు లేనివారు తామున్న చోటనే ఫాతిహా చదివించి తీయించేవారు. రెండు వందల ఏళ్ళ నాటి ఈ వర్ణన చదివితే నిన్న మొన్నటి మాటలా అనిపిస్తుంది.

ఓరుగల్లు సీమలో ఈ మొక్కుల ముద్ర పేర్లలో కూడా నిలిచింది. పర్వతగిరి మండలంలోని అన్నారం షరీఫ్ యాకూబ్ షావలీ దర్గా పట్ల గల భక్తితో ముస్లింలు యాకూబ్ అనీ, హిందువులు యాకయ్య, యాకమ్మ అనీ బిడ్డలకు పేరు పెట్టుకున్నారు. జాన్‌పహాడ్ సైదులు పేరు మీద సైదులు, సైదమ్మ అనే పేర్లు అలాగే వచ్చాయి. మన ఇరుగుపొరుగు హిందూ సోదరులు పుట్టు వెంట్రుకలను కొమురవెల్లి మల్లన్నకో, ఐనవోలు మల్లన్నకో, యాదగిరిగుట్టకో మొక్కుకుని, మేనమామ ఒడిలో బిడ్డను కూర్చోబెట్టి తీయిస్తారు. పల్లెలో ఏటా ధాన్యం తీసుకుని క్షౌరం చేసే మంగలి అన్ని ఇళ్ళకూ ఒక్కడే. వాడలు పక్కపక్కనే, పండుగలు పక్కపక్కనే. ఒకరి ఆచారం మరొకరి ఇంట్లోకి రావడం సహజం. దీనిలో కలిసిమెలిసి బతికిన చరిత్ర ఉన్నది. ఆ స్నేహం మనకు అమూల్యమైనది. పొరుగువారి ఆచారాన్ని ఎగతాళి చేసే హక్కు మనకు లేదు.

అయితే మన ఆచారాన్ని మన ధర్మం వెలుగులో సరిచూసుకునే బాధ్యత మనపై ఉన్నది. ఔలియాల పట్ల ప్రేమ, గౌరవం మన హృదయాల్లో ఉండవలసిందే. వారి జీవితాలు అల్లాహ్ ఆరాధనలో గడిచాయి. మొక్కు కూడా ఒక ఆరాధనే. కాబట్టి అది అల్లాహ్‌కు మాత్రమే చెందుతుందని ధర్మవేత్తలు స్పష్టం చేశారు. ఒక పాయను ఒకరి పేరిట వదలడం దైవప్రవక్త (స) నిషేధించిన ఖజా కిందికి వస్తుంది. వెంట్రుకలు తీయించనందుకు ఏదో శక్తి బిడ్డకు కీడు చేస్తుందన్న భయం, రక్తం పూస్తే మేలు జరుగుతుందన్న అజ్ఞాన కాలపు నమ్మకానికి తోబుట్టువు. ఆ భయం నుంచే మన ప్రవక్త (స) మనల్ని విడిపించారు.

ఇంకొక నష్టం కూడా గమనించండి. 1832 నాటి గ్రంథంలో మొక్కు, వెండి రెండూ ఉన్నాయి. ఈనాడు మన పల్లెల్లో మొక్కు మిగిలింది, విందు పెరిగింది. పేదవాడికి చేరవలసిన వెండి చాలా ఇళ్ళలో మరుగున పడింది. సున్నత్‌లో అతి తేలికైన భాగమే ముందుగా మరచిపోయాము.

మనం చేయవలసింది

బిడ్డ పుట్టిన రోజును మొదటి రోజుగా లెక్కించాలని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. శుక్రవారం పగలు పుట్టిన బిడ్డకు గురువారం ఏడవ రోజు అవుతుంది. ఇస్లామీ లెక్కలో సూర్యాస్తమయంతో కొత్త రోజు మొదలవుతుంది గనుక, శుక్రవారం మగ్రిబ్ తర్వాత పుడితే తర్వాతి శుక్రవారం ఏడవ రోజు.

ఆ రోజున బిడ్డ ఆరోగ్యంగా ఉంటే తల గొరిగించండి. నడినెత్తిన మాడు ఇంకా మెత్తగా ఉంటుంది కాబట్టి చేయి తిరిగినవారే, కొత్త బ్లేడుతో, నెమ్మదిగా చేయాలి. ఒకరికి వాడిన బ్లేడును మరొకరికి వాడితే రక్తం ద్వారా వ్యాధులు సోకుతాయి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు, తక్కువ బరువున్న బిడ్డకు, తలపై పుండో గాయమో ఉన్న బిడ్డకు తొందరపడవద్దు. అటువంటి పసికందుల ఒంటి వేడి త్వరగా తగ్గిపోతుంది. వైద్యుని మాట విని ఆగడం కూడా ధర్మమే. బిడ్డ నుంచి బాధను తొలగించమన్న ఆదేశాన్ని బిడ్డకు బాధ కలిగించి పాటించలేము. గొరిగిస్తే జుట్టు ఒత్తుగా వస్తుందని మన నానీలు, దాదీలు అంటుంటారు. వెంట్రుక కుదురు చర్మం లోపల ఉంటుంది, కత్తి దానిని మార్చలేదు. మనం తీయించేది జుట్టు ఒత్తు కోసం గాక, సున్నత్ కోసం.

తీసిన వెంట్రుకలను కంసాలి త్రాసులో తూచండి. త్రాసు దొరకకపోతే మూడు గ్రాముల వెండి విలువను లెక్కగట్టి ఇవ్వండి. ఊళ్ళోనే ఉన్న వితంతువుకో, పని లేక మగ్గం ఆగిపోయిన ఇంటికో, రోగంతో మంచం పట్టిన కూలీకో అది చేరాలి. వెంట్రుకలను శుభ్రమైన చోట పూడ్చివేయండి. దాని కోసం బండి కట్టుకుని దూరం వెళ్ళవలసిన అవసరం లేదు.

స్తోమత ఉంటే మగబిడ్డకు రెండు, ఆడబిడ్డకు ఒకటి చొప్పున మేకలో గొర్రెలో జబహ్ చేయండి. మగబిడ్డకు ఒక్కటే చేయగలిగినా చాలు. హసన్, హుసైన్‌ల తరఫున ఒక్కొక్క పొట్టేలు కోసినట్లు ఇబ్నె అబ్బాస్ (రజి) ఉల్లేఖనం అబూ దావూద్‌లో ఉన్నది. స్తోమత లేకపోతే అప్పు చేయవద్దు. వడ్డీకి తెచ్చిన డబ్బుతో సున్నత్ ఆచరించాలనుకోవడం, హరామ్ మెట్టు ఎక్కి పుణ్యాన్ని అందుకోవాలనుకోవడమే. ఏడవ రోజు దాటిపోయిన బిడ్డల తల్లిదండ్రులారా! మీ బిడ్డ శాపగ్రస్తుడు కాడు. అతని జ్వరానికీ వెంట్రుకలకూ సంబంధం లేదు. జ్వరం వస్తే వైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళండి. వీలైన రోజున వెంట్రుకలు తీయించి, వీలైనంత దానం చేసి, అల్లాహ్‌ను వేడుకోండి. మిగిలినవారు ఆ తల్లిని అడిగి బాధపెట్టకండి.

ఓ అల్లాహ్! మా బిడ్డలను మా కంటికి చలువగా చెయ్యి. వారిని రోగాల నుంచీ, మా హృదయాలను వృథా భయాల నుంచీ కాపాడు. ఫాతిమా (రజి) ఇంటి త్రాసును మా ఇళ్ళలో మళ్ళీ నిలబెట్టు. పుట్టిన ప్రతి బిడ్డ వల్ల మా ఊరిలో ఒక పేదవాని పొయ్యి వెలిగేలా చెయ్యి. ఆమీన్.